దాలయ్య తిరుగుడు దీపం

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో లైటింగు దాలయ్య అంటే తెలియనివాళ్లు తక్కువ. చుట్టుపక్కల ఏ ఊళ్లో అమ్మవారి పండగ జరిగినా ఆయన బొమ్మలు ఉండాల్సిందే. మట్టి బొమ్మలు కావు, బల్బుల బొమ్మలు. వెదురు చట్రం మీద రంగు బల్బులు వరసగా కట్టి, తోక ఆడించే చేపను, పంజా ఎత్తే సింహాన్ని, తెడ్డు వేసే పడవవాణ్ణి చేసేవాడు. చట్రం వెనక ఒక కొయ్య రోలరు ఉండేది. దాని మీద రాగి రేకులు లెక్క ప్రకారం కొట్టి ఉండేవి. మోటారు రోలర్ను తిప్పుతుంటే ఒక్కో రేకూ ఒక్కో తీగకు తగిలి, ఒక వరస బల్బులు ఆరి పక్క వరస వెలిగేది. కింద నిలబడి తలెత్తి చూసేవాళ్లకు చేప నిజంగానే ఈదుతున్నట్టుండేది.

ఆయన పుట్టింది భోగాపురం దగ్గర సముద్రపొడ్డున, చేపలు పట్టే ఇంట్లో. పదిహేనో ఏట తండ్రి రాముడు కొడుకును పడవెక్కించాడు. మూడు నెలలే సాగింది. నీళ్ల మీద ఎండ తళతళలాడుతుంటే ఆ కుర్రాడు పని మరిచిపోయి కళ్లు సగం మూసుకుని కూర్చునేవాడు. రెప్పల వెనక రంగులు కదిలేవట. ఒకరోజు అలా కూర్చునే వల తాడు వదిలేశాడు. వల పోయింది. రాముడు కొడుకును కొట్టలేదు, తిట్టలేదు. ఒడ్డుకు వచ్చాక వీడు సముద్రానికి పనికిరాడని మాత్రం అని, విజయనగరంలో జగన్నాధం అనే లైటింగు మేస్త్రి దగ్గర పనికి పెట్టాడు. పదేళ్లు అక్కడ పని నేర్చుకుని, చీపురుపల్లిలో సొంత షెడ్డు వేసుకున్నాడు దాలయ్య. సొంత ఊరి పిల్లనే, గున్నమ్మను, చేసుకున్నాడు. ఆమె బజారులో చేపలమ్మేది. వాళ్లకు దేవి ఒక్కతే కూతురు.

దేవి చిన్నప్పుడు ఒకసారి షెడ్డులో చేప బొమ్మ ముందు కూర్చుని చాలాసేపు చూసింది. లేచి దగ్గరకెళ్లి బల్బులు ఒక్కోటీ తడిమింది. వెనక్కి తిరిగి అడిగింది.

"బల్బులేవీ కదల్లేదు గదా నానా. మరి కదిలిందేటి?"

పాతికేళ్ల పనిలో తనకా ప్రశ్న రాలేదని దాలయ్యకు సిగ్గేసింది. ఆ తర్వాత ఎవరు కనిపించినా అడిగేవాడు. అందరూ నవ్వి ఊరుకునేవారు.

జవాబు చెప్పింది చంద్రశేఖరం మేష్టారు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరైన మనిషి. 2011లో వాళ్లింట్లో వైరింగు మార్చడానికి దాలయ్య వెళ్లాడు. అప్పటికే మేష్టారికి నీటికాసులు, అదే గ్లకోమా, వచ్చి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటిలో చూపు నాలుగు పక్కలా ముడుచుకుంటూ వస్తోంది. బొంగు గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుందని ఆయనే చెప్పేవాడు. ఏ రంగైనా బూడిద రంగులోకి దిగిపోయిందట. ఆయన భార్య జ్ఞానాంబ చెయ్యి పట్టుకుని వరండాలోకి తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే, దాలయ్య స్టూలెక్కి తీగలు లాగుతూ తన ప్రశ్న అడిగాడు.

మేష్టారి మొహం ఒక్కసారిగా మారిపోయింది. మళ్లీ క్లాసులో నిలబడ్డట్టు మొదలుపెట్టాడు. దీపం ఆరిపోయాక కూడా దాని వెలుగు కంట్లో ఒక్క క్షణం నిలిచే ఉంటుందనీ, అది పోయేలోపు పక్క దీపం వెలిగితే రెంటి మధ్య ఖాళీని మెదడే పూడ్చుకుంటుందనీ, కదలిక బల్బుల్లో లేదు, చూసేవాడి బుర్రలో ఉందనీ విడమరిచి చెప్పాడు.

"ఇన్నేళ్లుగా నువ్వు చేస్తున్న పని అదే దాలయ్యా. ఊళ్లకు ఊళ్ల మెదళ్లతో పని చేయించుకుంటున్నావు," అన్నాడు.

ఆ రోజు వైరింగు సగంలో ఆగిపోయింది. మర్నాడు మిగతాది చేయడానికి వెళ్లి, మళ్లీ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఆ తర్వాత పని లేకపోయినా వెళ్లేవాడు.

మరుసటేడు కొత్త రకం బోర్డులు వచ్చాయి. చిన్న చిన్న గింజల్లాంటి దీపాలు, వేలెడంత కంట్రోలరు. చేపేమిటి, సినిమా మొత్తం బోర్డు మీద ఆడించేస్తున్నారు. రోలరు బొమ్మలు అడిగేవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు. దాలయ్య ఎవరినీ నిష్ఠూరమాడలేదు. షెడ్డులో మూలపడ్డ బోర్డులకు దుమ్ము దులుపుతూ రోజులు గడిపేవాడు. అలాంటి ఒక మధ్యాహ్నం పాత రోలర్ను తిప్పి చూద్దామని తెల్ల బల్బుల బోర్డు ముందు కూర్చున్నాడు. అలసటగా ఉండి కళ్లు మూసుకున్నాడు.

మూసిన కళ్ల ముందు రంగులు పుట్టుకొచ్చాయి. మొదట ఊదా, తర్వాత ఆకుపచ్చ. తేనెపట్టు గళ్లలాంటివి వచ్చి, గళ్లన్నీ చక్రంలా తిరిగాయి. కళ్లు తెరిస్తే ఉత్త తెల్ల బల్బులే. మళ్లీ మూస్తే మళ్లీ వచ్చాయి. పడవ మీద చిన్నప్పుడు చూసినవే ఇవి, ఇంకా స్పష్టంగా ఉన్నాయి. పది నిమిషాలు అలా కూర్చున్నాక తన భుజాలు వాటంతటవే కిందికి జారాయనీ, ఊపిరి నెమ్మదించిందనీ గమనించాడు. అక్కడే, కుర్చీలోనే నిద్రపోయాడు. కలలో తండ్రి వచ్చి పక్కన కూర్చున్నాడట.

వారం తిరక్కుండా ఒక యంత్రం తయారు చేశాడు. నూనె డబ్బా ఒకటి తీసుకుని చుట్టూ నిలువు చీలికలు కోశాడు. మధ్యలో వంద క్యాండిళ్ల బల్బు. పాత టేబుల్ ఫ్యాను మోటారుకు సైకిలు ట్యూబు ముక్క బెల్టుగా వేసి డబ్బాను తిప్పాడు. జోరు పెంచడానికీ తగ్గించడానికీ ఫ్యాను రెగ్యులేటరు పెట్టాడు. డబ్బా తిరుగుతుంటే చీలికల్లోంచి వెలుగు వచ్చి పోతూ, ఎదురుగా కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్ల రెప్పల మీద పడేది. సెకనుకు పదిసార్ల దగ్గర రంగులు బాగా వస్తాయని ఆయనే కనిపెట్టాడు. అంతకు తగ్గితే వెలుగు కొట్టుకుంటున్నట్టే ఉంటుంది, బాగా పెరిగితే అంతా కలిసిపోయి ఏమీ ఉండదు. దానికాయన తిరుగుడు దీపమని పేరు పెట్టాడు.

మొట్టమొదట కూర్చోబెట్టింది మేష్టారినే. ఆ మిగిలిన కంటిలో వెలుగు తెలుస్తూనే ఉంది గనక రెప్ప మీద పడినా ఆయనకు అందింది. కాసేపటికి కళ్లు తెరవకుండానే అన్నాడు.

"ఆకుపచ్చ దాలయ్యా. నారుమడి లాంటి ఆకుపచ్చ. మూడేళ్లయింది చూసి."

ఆ మర్నాడు మరో మాట చెప్పాడు. చూపు తగ్గిన దగ్గర్నుంచీ కలలు కూడా మసకగా వచ్చేవట. ఆ రాత్రి మాత్రం కలలో భార్య పసుపు చీర కట్టుకుని కనిపించిందట. జ్ఞానాంబ లోపలికి వెళ్లిపోయింది. అప్పటినుంచి వారానికి మూడుసార్లు మేష్టారు షెడ్డుకు వచ్చేవాడు. ఆటో చినబాబు దింపి వెళ్లేవాడు. పావుగంట దీపం ముందు కూర్చుని, ఆ తర్వాత అక్కడే ఒక కునుకు తీసేవాడు. చూపు పోతుందన్న దిగులుతో సరిగా నిద్రే లేని మనిషి ఇలా పడుకుంటున్నాడని జ్ఞానాంబ గున్నమ్మతో చెప్పి సంతోషపడింది.

మేష్టారి సలహా మీద దాలయ్య దేవి పాత నోటుబుక్కు ఒకటి తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. పేరు, చేసే పని, ఏం కనిపించింది, మనసు నెమ్మదించిందా, నిద్ర పట్టిందా, కల వచ్చిందా. చినబాబుకు రోడ్డు తన మీదికి పరుగెత్తుకొచ్చినట్టు కనిపించింది. గున్నమ్మ పక్కన కూర్చుని చేపలమ్మే గురమ్మకు బంతిపూల దండలు కనిపించాయి. కొడుకు పోయాక ఆర్నెల్లుగా కంటిమీద కునుకు లేని గురమ్మ ఆ రోజు కుర్చీలో గంటసేపు నిద్రపోయింది. లేచాక, తట్టలో చేపల మీద ఈగలు ముసురుకున్నాయని గాభరాపడి పరుగెత్తింది.

గున్నమ్మ మాత్రం కూర్చోలేదు. "కళ్లు మూసుకుంటే సీకటుండాల మావా. సీకటికే గదా మూసుకుంతాం," అనేది.

నోటుబుక్కులో అరవై పేర్లు దాటాయి. సాయంత్రాలు దాలయ్య చదివి వినిపిస్తే మేష్టారు తలాడిస్తూ వినేవాడు. ఎవరి బతుకుకు తగ్గట్టు వాళ్లకు చివర్లో ఏవేవో కనిపించినా, మొదట మాత్రం అందరికీ ఆ గళ్లూ ఆ చక్రాలే ఎందుకు వస్తున్నాయన్నది ఆయన్ని వదల్లేదు. బహుశా మెదడు అల్లికే ఆ గళ్లలో ఉంటుందేమో, తన అల్లికను తానే చూసుకుంటోందేమో అనేవాడు. వందమంది పూర్తయితే విశాఖపట్నంలో యూనివర్సిటీవాళ్లకు ఉత్తరం రాద్దామనుకున్నారు. ఉత్తరంలో మొదటి వాక్యం ఎలా ఉండాలో కూడా మేష్టారు రెండు మూడు రకాలుగా చెప్పి చూశాడు. అంత సంతోషంగా దాలయ్య తన జీవితంలో ఎప్పుడూ లేడు.

2013 ఫిబ్రవరి. దేవి ఇంటరు రెండో ఏడు. పరీక్షలు ఇంకా మూడు వారాలున్నాయి. ఆ ఆదివారం పొద్దున్నే పుస్తకాలు ముందేసుకుని, పదకొండు గంటలకల్లా తలపోటని లేచింది. షెడ్డుకు వచ్చి, పదినిమిషాలు దీపం ముందు కూర్చుంటానంది. దీపం కట్టిన దగ్గర్నుంచీ ఆమె కూర్చోలేదు. చదువు పాడవుతుందని తల్లి రానిచ్చేది కాదు. కూతురు తనంతట తానే అడిగేసరికి దాలయ్య పొంగిపోయాడు. తలుపులు దగ్గరికి వేసి మోటారు వేశాడు. నోటుబుక్కు తెరిచి కొత్త పేజీలో దేవి అని రాసుకున్నాడు.

"ఏటి కనపడతన్నాది?"

"నీలం నానా. నీలంలో గళ్లు. గళ్లు తిరుగుతన్నాయి." ఆమె నవ్వుతోంది. "ఇంకొంచెం జోరు పెట్టు."

దాలయ్య రెగ్యులేటరు తిప్పాడు.

"ఇప్పుడో?"

"ఎరుపొచ్చినాది. మద్దిలో ఏదో..."

మాట అక్కడ ఆగింది. దాలయ్య పెన్సిలు పట్టుకుని ఎదురుచూశాడు. మధ్యలో ఉన్నదేమిటో పోల్చుకుంటోంది కాబోలు, తొందరపెట్టకూడదనుకున్నాడు. ఆమె పెదవి చివర అదురుతుంటే నవ్వే అనుకున్నాడు. కుర్చీ కాళ్లు సిమెంటు నేల మీద టకటక కొట్టుకోవడం మొదలయ్యేదాకా ఆయన తలెత్తలేదు. ఎన్ని సెకన్లు అలా పోయాయో ఆయనకు తెలియదు. అయిదా, పదా అని తర్వాత ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నాడో!

దీపం ఆపి కూతుర్ని ఒళ్లోకి తీసుకునేసరికి ఆమె ఒళ్లు కొయ్యలా బిగిసి కొట్టుకుంటోంది. నోటి చివర నురగతో పాటు నెత్తురు చార కనిపించింది. నాలుక కొరుక్కుంది. ఎవరో పరుగెత్తి గున్నమ్మకు కబురు చెప్పారు. చినబాబు ఆటోలో విజయనగరం తీసుకెళ్లారు. దారిలోనే కొట్టుకోవడం ఆగింది గానీ, దేవి తల్లిని గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది.

అక్కణ్ణుంచి విశాఖపట్నం వెళ్లమన్నారు. అక్కడ చూసిన డాక్టరు వయసులో చిన్నావిడ. దీపం సంగతి చెప్పొద్దని బంధువులు అన్నారు, పోలీసు కేసవుతుందేమోనని భయం. దాలయ్య వినలేదు. మొత్తం చెప్పాడు. డబ్బా ఎలా ఉంటుందో, ఎంత జోరుగా తిప్పాడో కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించాడు. ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. కొందరి మెదడుకు కొట్టుకునే వెలుగు పడదనీ, వాళ్లకు అలాంటి వెలుగులో ఫిట్సు వస్తాయనీ, పిల్లకు ఆ గుణం పుట్టుకతోనే ఉండి ఉంటుందనీ చెప్పింది. ఈ దీపం కాకపోతే మరోటి, ఎప్పుడో ఒకప్పుడు బయటపడేదే అంది. రోజూ మాత్రలు వేసుకోవాలి. ఎప్పుడైనా వెలుగు అదురుతూ ఎదురైతే వెంటనే ఒక కంటిని అరచేత్తో కప్పుకోవాలి.

"మీరు కొత్త జబ్బు తెచ్చిపెట్టలేదండీ. ఉన్నది బయటపడింది, అంతే."

"బయటపెట్టినోణ్ణి నానే గదమ్మా," అన్నాడు దాలయ్య.

ఇంటికి వచ్చిన రోజు గున్నమ్మ ఒక్కటే అడిగింది.

"అది అలగైపోతంటే నువ్వేటి సేస్తన్నావు మావా?"

"రాస్తన్నాను."

ఆమె తిట్టి ఉంటే బాగుండునని దాలయ్యకు అనిపించింది. అన్నం పెట్టేది, నీళ్లు తోడేది, మాట మాత్రం లేదు. ఉగాది దాటేదాకా ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య మాటలు దేవి ద్వారానే నడిచాయి. ఇంటికి వచ్చిన మర్నాడే దాలయ్య షెడ్డులోకి వెళ్లి సుత్తి తీసుకుని నూనె డబ్బాను అప్పడంలా అణగ్గొట్టాడు. నోటుబుక్కు పొయ్యిలో పెట్టాడు. చివరి పేజీ చించి పక్కన పెడదామనుకుని, అది కూడా పొయ్యిలోనే వేశాడు.

దేవి ఆ ఏడు పరీక్షలు రాయలేదు. వీధిలోవాళ్లు దాలయ్యను చూసి తప్పుకునేవారు. దీపంతో పిల్ల మీదికి ఏదో దింపాడని ఒకరు, అమ్మవారి ముందు పెట్టాల్సిన వెలుగుతో ఆటలాడాడని మరొకరు అన్నారు. గురమ్మ మాత్రం వచ్చి దేవి తల నిమిరి, వాకిట్లో కాసేపు కూర్చుని వెళ్లింది.

పది పదిహేను రోజులకు మేష్టారు వచ్చాడు. జ్ఞానాంబ కూడా వచ్చింది. దేవిని పలకరించి, మందుల పేర్లు అడిగి తెలుసుకున్నాడు. ఇలా కూడా జరగొచ్చని సైన్సు చదివిన తనకు తట్టి ఉండాల్సిందని, తప్పులో సగం తనదని అన్నాడు. లేచి బయల్దేరేటప్పుడు గుమ్మం పట్టుకుని ఆగాడు.

"నాకు కూడా ఇక వద్దంటావా దాలయ్యా?"

"ఒద్దు మేష్టారూ. అది ఇంక లేదు."

"సరేలే," అన్నాడు ఆయన. గోడ తడుముకుంటూ మెట్లు దిగాడు. మళ్లీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

మరుసటేడు అక్టోబర్లో హుద్‌హుద్ తుఫాను వచ్చింది. షెడ్డు పైకప్పు ఎగిరిపోయి పాత బోర్డులు, రోలర్లు వానకు తడిసి ఉబ్బిపోయాయి. రాగి రేకులు ఊడదీసి మిగతాది వంటచెరుకు కింద వాడుకోమని గున్నమ్మకు ఇచ్చాడు. అప్పటికి ఆమె మాట్లాడుతోంది. తర్వాత దాలయ్య విజయనగరంలో కొత్త బోర్డులవాళ్ల దగ్గర కూలికి చేరాడు. నిచ్చెనలెక్కి బోర్డులు బిగించడమే పని. వాటిలో ఏ బొమ్మ ఆడాలో ఆయన చేతిలో లేదు. ఆయనకూ అదే నయమనిపించింది.

మేష్టారింటికి వెళ్లడం మానేశాడు. వెళితే ఆ మొహం చూడాలి. ఆ కంటికి ఇంకేం మిగిలి ఉందో అడగాలి. ఎప్పుడైనా బజారులో జ్ఞానాంబ కనిపిస్తే బాగున్నారా అని అడిగి తప్పుకునేవాడు. బాగానే ఉన్నారని ఆవిడా అనేది.

దేవికి మాత్రలు పనిచేశాయి. తర్వాతి నాలుగేళ్లలో ఇంకో రెండుసార్లే ఫిట్సు వచ్చాయి. ఒకసారి బస్సులో, రోడ్డు పక్క చెట్ల మధ్యలోంచి ఎండ చారలు చారలుగా మొహం మీద పడుతుంటే వచ్చింది. అప్పటినుంచి కిటికీ పక్క కూర్చోవడం మానింది. ఇంటరు, డిగ్రీ పూర్తిచేసి నెల్లిమర్లలో ఒక చిన్న బడిలో లెక్కల టీచరుగా చేరింది. ఎండలో నడిచేటప్పుడు ఆమె చెయ్యి దానంతటదే ఒక కంటి మీదికి వెళుతుంటే దాలయ్య తల తిప్పుకునేవాడు.

2017లో ఒకరోజు అన్నం తింటూ దేవే ఆ మాట తెచ్చింది. బడిలో ఎవరో చంద్రశేఖరం మేష్టారి పాత శిష్యులు ఆయన గురించి చెప్పారట. బయటికి రావడమే మానేశాడట.

"నాకు పడనిది మేష్టారికీ పడదనేటి నానా? ఆయనకి బాగుండీది గదా. మళ్లీ ఒకటి కట్టు."

దాలయ్య ముద్ద నోట్లో పెట్టుకోలేదు. గున్నమ్మ వైపు చూశాడు. ఆమె చారు పోస్తూ, "కట్టు మావా. కాపోతే ఇక్కడొద్దు, మేష్టారింట్లోనే పెట్టు," అంది.

అయినా చేతులు రాలేదు. డబ్బా తెచ్చి చీలికలు గీసుకుని మూడు నెలలు పక్కన పడేశాడు. దీపావళి వెళ్లాక ఎట్టకేలకు పూర్తి చేశాడు. మునుపటికంటే బాగా కుదిరింది. మోటారు చప్పుడు తగ్గించాడు, రెగ్యులేటరు ఒక హద్దు దాటి తిరక్కుండా మేకు కొట్టాడు. ఒక మధ్యాహ్నం చినబాబు ఆటోలో పెట్టుకుని మేష్టారింటికి తీసుకెళ్లాడు.

మేష్టారు వరండాలో ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. దాలయ్య గొంతు వినగానే చేతులు రెండూ ముందుకు చాపాడు. దాలయ్య వెళ్లి ఆ చేతులు పట్టుకున్నాడు. ఇన్నేళ్లూ రానందుకు ఏమీ అనలేదు ఆయన. దేవి ఎలా ఉంది, ఏం చెబుతోంది, లెక్కలంటే పిల్లలు భయపడుతున్నారా అని అడిగాడు. దీపం తెచ్చానని చెప్పేసరికి లేచి, గోడ తడుముకుంటూ గదిలోకి నడిచాడు.

"తెచ్చావా. పెట్టు మరి. చూద్దాం," అన్నాడు.

దాలయ్య స్టూలు మీద దీపం అమర్చి, ఎదురుగా ఆయన కుర్చీ జరిపి, కిటికీలు వేశాడు. స్విచ్చి నొక్కాడు. మోటారు సన్నగా తిరగడం మొదలైంది. మేష్టారు కళ్లు మూసుకుని వెనక్కి వాలాడు.

"ఆఁ. వస్తున్నాయి దాలయ్యా. ఆకుపచ్చ. అదే, నారుమడి లాంటిది."

దాలయ్య అప్పటికి దీపం వెనక వంగి బెల్టు సరిచేస్తున్నాడు. తలెత్తి చూస్తే డబ్బా తిరుగుతోంది, చీలికల్లో మాత్రం వెలుగు లేదు. ఆటో కుదుపుకు బల్బులో తీగ తెగినట్టుంది. గదంతా మసకగా ఉంది. కుర్చీలో మనిషి మొహం మీద ఏ వెలుగూ పడటం లేదు.

"గళ్లు కూడా వచ్చాయి. తేనెపట్టు గళ్లు. తిరుగుతున్నాయి చూడు," అంటున్నాడు మేష్టారు.

దాలయ్య చెయ్యి స్విచ్చి దాకా వెళ్లి ఆగింది. ఆపితే తెలిసిపోతుంది. జేబులో వేరే బల్బు లేదు. ఉన్నా ఏం లాభమని ఆయనకు అప్పుడే తోచింది. నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు.

"ఇంకేటి మేష్టారూ?" అడిగాడు.

"పసుపు. అంచులెంట పసుపు." కాసేపాగి, "మనసుకు ఎంత హాయిగా ఉందో. నాకోసం చేశావు," అన్నాడు.

పది నిమిషాలు అలా చెబుతూనే ఉన్నాడు. దాలయ్య ఊఁ కొడుతూనే ఉన్నాడు. తర్వాత మేష్టారు మాట్లాడటం మానేశాడు. నిద్రపోయాడో, నిద్రపోయినట్టు పడుకున్నాడో తెలియదు. దాలయ్య మోటారు ఆపి అడుగుల చప్పుడు కాకుండా పెరట్లోకి వచ్చాడు. అక్కడ జ్ఞానాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ కిటికీ సందులోంచి అంతా చూసింది.

వినాయకచవితి ముందే ఆ కాస్త వెలుగూ పోయిందని చెప్పింది. పగలో రాత్రో కూడా తెలియదట. ఎండలో నిలబెట్టినా తెలియదట.

"దాలయ్యకు చెప్పొద్దన్నారు. ఆ పిల్ల విషయంలో ఇప్పటికే కుమిలిపోతున్నాడు, నా కన్ను కూడా వాడి నెత్తిన పడకూడదు అన్నారు. నువ్వు ఎప్పటికైనా దీపం తెస్తావని ఆయనకు తెలుసు నాయనా."

"మొన్న చవితికి ముందొచ్చుంటే కనపడీది గదమ్మా."

దాలయ్య నూతి గట్టు మీద కూర్చుని, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. కూతురికి ఫిట్సు వచ్చిన రోజు కూడా ఆయన ఏడవలేదు.

ఇంటికొచ్చి గున్నమ్మకు చెప్పాడు. డబ్బా గీసి మూడు నెలలు పక్కన పడేసిన సంగతే పదేపదే చెప్పాడు. ఆమె చేపల తట్ట కడుగుతూ వింది. తట్ట బోర్లించి వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"మేష్టారు కనపడినాదనే సెప్పినారు గదా. నువ్వూ కనపడినాదనే ఉంచు. మళ్లీ మళ్లీ తవ్వుకోకు మావా," అంది.

దీపం మేష్టారింట్లోనే ఉండిపోయింది. దాలయ్య కొత్త బల్బు వేశాడు. తర్వాత కూడా వారానికొకసారి వెళ్లేవాడు. మేష్టారు అడిగినప్పుడు మోటారు వేసేవాడు. ఆయన ఒక్కో రోజు ఒక్కో రంగు చెప్పేవాడు. ఒకసారి మాత్రం, కళ్లు మూసుకునే, ఏమీ లేదు దాలయ్యా, చప్పుడు బాగుంది, అదే వింటున్నాను అన్నాడు. ఆ రోజు దాలయ్య మనసు కాస్త తేలికపడింది. ఆ తర్వాత ఇద్దరూ రంగుల ఊసెత్తలేదు. మోటారు తిరుగుతుంటే పక్కపక్కన కూర్చుని ఊళ్లో సంగతులు మాట్లాడుకునేవారు, లేదంటే ఊరికే ఉండేవారు.

2018 వేసవిలో, ఎండలు ముదిరిన రోజుల్లో, మేష్టారు జ్వరంతో నాలుగు రోజులు పడుకుని పోయాడు. శ్మశానం దాకా దాలయ్య నడిచాడు. పాత శిష్యులు చాలామంది వచ్చారు. ఆయన వెలుగు పాఠం ఎంత బాగా చెప్పేవాడో ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. దాలయ్య వెనకే ఉండిపోయాడు.

ఆ ఏటి పండగలకు కొత్త బోర్డులవాళ్లు ఒక కొత్త దీపం తెచ్చారు. స్టేజీ మీద పాటకు తగ్గట్టు తెల్లగా, కళ్లు చెదిరేలా ఆగకుండా కొట్టుకునే దీపం. దాలయ్య నిచ్చెన దిగి ఆ ఊరి పండగ పెద్దల దగ్గరకు వెళ్లాడు. ముందు వరసల్లో చిన్నపిల్లలు కూర్చుంటారనీ, వాళ్లలో ఏ ఒక్కరికైనా ఈ వెలుగు పడకపోవచ్చనీ, దాన్ని తీసేయమనీ అడిగాడు. ఎందుకని అడిగితే దేవి కథ మొత్తం, తను రెగ్యులేటరు తిప్పిన దగ్గర్నుంచీ, దాచకుండా చెప్పాడు. చెప్పేటప్పుడు చేతులు కట్టుకుని, తల దించుకుని చెప్పాడు.

అక్కడ తీసేశారు. ఆ సీజన్లో ఆయన అయిదు ఊళ్లలో అడిగాడు. రెండు చోట్ల మాట విన్నారు. మిగతా మూడు చోట్ల ముసలాడికి చాదస్తమని నవ్వారు. అలాంటిచోట ఆయన ఆటయ్యేదాకా ముందు వరస పక్కన, స్టేజీకి వీపు పెట్టి, పిల్లల మొహాలు చూస్తూ నిలబడేవాడు.